డిస్క్ ప్లేయర్‌లో మాటలు సరిగ్గా వినపడట్లేదా? కొత్తది కొనేముందు ఈ సెట్టింగులు చూడండి

నికాహ్ వీడియో, పాత సినిమాలు, ఖిరాత్ సీడీలు... మన ఇళ్లల్లో చాలావరకు ఇవి ఇంకా డిస్కుల్లోనే ఉన్నాయి. ప్లేయర్ కూడా టీవీ కింద అలాగే ఉంటుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, టీవీ మార్చినప్పుడు లేదా కొత్త స్పీకర్లు తగిలించినప్పుడు. పాటలు, ఫైట్లు గోడలు అదిరేలా వస్తాయి, మాటలు మాత్రం గొణిగినట్టు ఉంటాయి. సౌండ్ పెంచితే పిల్లలు నిద్ర లేస్తారు, తగ్గిస్తే దాదీకి ఏమీ వినపడదు.

ప్లేయర్ పాడైందనుకుని కొత్తది కొనడమో, వేలు పోసి సౌండ్‌బార్ తేవడమో చేస్తుంటాం. కానీ చాలాసార్లు ఏదీ పాడవదు. మన ఇంట్లో నిజంగా ఎన్ని స్పీకర్లు ఉన్నాయో ప్లేయర్‌కు తెలియదు, అంతే. ఆ సంగతి దానికి చెప్పడమే ఆడియో సెట్టింగ్. దీనికి పైసా ఖర్చు లేదు, రిమోట్ ఉంటే చాలు.

మాటలు ఎక్కడికి పోతున్నాయి?

సినిమా డీవీడీల్లో సౌండ్ ఎక్కువగా డాల్బీ డిజిటల్ రూపంలో ఉంటుంది. అట్ట మీద 5.1 అని ఉంటే, ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనుక రెండు కలిపి ఐదు స్పీకర్లకు వేర్వేరు సౌండ్ ఉందని అర్థం. ఆ .1 బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్‌ది. పాత్రలు మాట్లాడే మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వెళ్తాయి. ఇంట్లో మధ్య స్పీకర్ లేదు, ప్లేయరేమో ఉందనుకుని పంపిస్తోంది అనుకోండి. సంగీతం వస్తుంది, మాటలు రావు. తప్పు చెవిది కాదు, సెట్టింగ్‌ది.

ముందు వెనక్కి వెళ్లి వైరు చూడండి

ఏ సెట్టింగ్ పెట్టాలన్నది వైరును బట్టి ఉంటుంది.

ఎరుపు, తెలుపు పిన్నులు: ఇవి రెండు చానెళ్ల సౌండ్‌కు. పక్కనున్న పసుపు పిన్ను బొమ్మకు.

ఆప్టికల్, కోయాక్సియల్: వీటిలో సౌండ్ మాత్రమే వెళ్తుంది. రెండు చానెళ్ల పీసీఎం గానీ, డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ 5.1 గానీ పంపొచ్చు. బ్లూరేలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ ఈ దారిలో పట్టదు.

హెచ్‌డీఎంఐ: బొమ్మ, సౌండ్ రెండూ ఒకే వైరులో వెళ్తాయి.

ఇప్పుడు డిస్క్ ఆపి రిమోట్ మీద సెటప్ నొక్కండి. డిస్క్ ఆడుతుండగా చాలా ప్లేయర్లు కొన్ని సెట్టింగులను మార్చనివ్వవు. స్టాప్ రెండుసార్లు నొక్కితే, లేదా డిస్క్ బయటికి తీస్తే అవి తెరుచుకుంటాయి. ఏది మార్చేముందైనా వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టుకోండి. పొంతన లేని సెట్టింగ్ పడితే ఒక్కోసారి స్పీకర్లోంచి పెద్దగా బుస్సుమనే చప్పుడు వస్తుంది.

మార్చాల్సిన సెట్టింగులు

కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి, పని మాత్రం ఒకటే.

డిజిటల్ అవుట్‌పుట్: ఇందులో పీసీఎం, బిట్‌స్ట్రీమ్ అని ఉంటాయి. పీసీఎం పెడితే డిస్క్‌లోని సౌండ్‌ను ప్లేయరే విప్పి పంపుతుంది. బిట్‌స్ట్రీమ్ పెడితే మూటను విప్పకుండా అలాగే పంపుతుంది, విప్పే పని టీవీదో హోమ్ థియేటర్‌దో అవుతుంది. ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి వింటుంటే పీసీఎం పెట్టండి. ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ ఉంటే బిట్‌స్ట్రీమ్ పెట్టండి. బొమ్మ వస్తూ సౌండ్ అసలు రాకపోతే మొదట చూడాల్సింది ఇదే. డీటీఎస్‌ను విప్పలేని టీవీలు ఉన్నాయి. అలాంటి టీవీకి బిట్‌స్ట్రీమ్‌లో డీటీఎస్ పంపితే నిశ్శబ్దమే మిగులుతుంది.

డౌన్‌మిక్స్: ఐదు స్పీకర్ల సౌండ్‌ను రెండింటిలోకి సర్దే సెట్టింగ్. టీవీ స్పీకర్లతో వినేవాళ్లు స్టీరియో ఎంచుకోవాలి. మధ్య స్పీకర్‌కు వెళ్లాల్సిన మాటలు అప్పుడు ఎడమ, కుడి రెండింటిలోనూ కలుస్తాయి. మల్టీ చానెల్ లేదా 5.1 అని ఉంటే మార్చేయండి.

స్పీకర్ సెటప్: ఆరు పిన్నుల హోమ్ థియేటర్ ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. ఏ స్పీకర్ లేదో, పాడై పక్కన పెట్టారో దాన్ని ఆఫ్ చేయండి. మధ్య స్పీకర్ ఆఫ్ చేస్తే ఆ సౌండ్ ముందు రెండు స్పీకర్లకు మళ్లుతుంది. మధ్య స్పీకర్ ఉండి మాటలు తక్కువగా వస్తుంటే, దాని ఒక్కదాని లెవెల్‌ను కాస్త పెంచండి.

డైనమిక్ రేంజ్: డీఆర్‌సీ అనీ, నైట్ మోడ్ అనీ కూడా రాస్తారు. ఆన్ చేస్తే పెద్ద చప్పుళ్లు తగ్గుతాయి, చిన్న మాటలు పైకి వస్తాయి. ఇషా తర్వాత సినిమా పెట్టుకునే ఇంటికి, పెద్దవాళ్లున్న ఇంటికి ఇది చాలా పనికొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, బిట్‌స్ట్రీమ్‌లో సౌండ్‌ను ప్లేయర్ విప్పదు కాబట్టి అక్కడ ఈ సెట్టింగ్ మామూలుగా పనిచేయదు. ఎరుపు, తెలుపు పిన్నులు గానీ, పీసీఎం గానీ ఉండాలి. మామూలు సీడీల మీద, ఎంపీ3 డిస్కుల మీద దీని ప్రభావం ఉండదు.

వర్చువల్ సరౌండ్: రెండు స్పీకర్లతోనే చుట్టూ సౌండ్ ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. బయాన్, ఖిరాత్ వినేటప్పుడు ఆఫ్ చేస్తే గొంతు తేటగా ఉంటుంది.

ఏవీ సింక్: పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తోందా, లేక మాటే ముందు వస్తోందా చూడండి. మాట ముందు వస్తే ఈ సెట్టింగ్‌తో సౌండ్‌ను కొన్ని మిల్లీసెకన్లు వెనక్కి జరపొచ్చు. మాటే ఆలస్యమైతే ఇక్కడి అంకెను సున్నాకు తెచ్చి, టీవీలో, సౌండ్‌బార్‌లో కూడా ఇలాంటి సెట్టింగ్ ఏమైనా ఉందేమో చూడండి.

రిమోట్ మీది ఆడియో బటన్

కొన్ని ఫిర్యాదులకు సెటప్ దాకా వెళ్లక్కర్లేదు. డీవీడీ ఆడుతుండగా ఆడియో బటన్ నొక్కితే భాష మారుతుంది. అదే భాషలో డాల్బీ, డీటీఎస్, స్టీరియో విడివిడిగా ఉన్నా అక్కడే కనిపిస్తాయి. పాత వీసీడీల్లో ఇంకో తమాషా ఉంది. కొన్నింటిలో ఎడమ చానెల్‌లో ఒక భాష, కుడి చానెల్‌లో ఇంకో భాష పెట్టేవారు. కరోకే వీసీడీల్లో ఒకవైపు గొంతు, ఇంకోవైపు సంగీతం ఉంటాయి. రెండూ కలిసి గందరగోళంగా వినపడుతుంటే ఆడియో బటన్‌తో ఎడమ లేదా కుడి ఒక్కటే ఎంచుకోండి. రెండు స్పీకర్లలోనూ అదే వస్తుంది.

ఏ సమస్యకు ఏది?

- సౌండ్ అసలు లేదు: పీసీఎం పెట్టండి, ఆడియో బటన్‌తో ఇంకో ట్రాక్ ప్రయత్నించండి.
- సంగీతం ఉంది, మాటలు లేవు: డౌన్‌మిక్స్ స్టీరియో, లేని స్పీకర్లు ఆఫ్.
- మాటలు చిన్నగా, ఫైట్లు పెద్దగా: డైనమిక్ రేంజ్ ఆన్.
- ఒకవైపే సౌండ్: ఎరుపు, తెలుపు పిన్నులు గట్టిగా ఉన్నాయా చూడండి, ఆడియో బటన్ స్టీరియోలో ఉందా చూడండి.
- అన్నీ కలగాపులగం అయ్యాయి: సెటప్‌లో డిఫాల్ట్ లేదా రీసెట్ నొక్కి మొదటి నుంచి మొదలుపెట్టండి.

ఈ సెట్టింగులన్నీ డిస్క్‌లో ఉన్నదాన్ని సరిగ్గా వినిపిస్తాయి, లేనిదాన్ని తేలేవు. నికాహ్ రోజు మైక్ దూరంగా పెట్టి రికార్డు చేసి ఉంటే ఖుత్బా చిన్నగానే వస్తుంది. దుకాణంలో రాయించిన డిస్కులు ఎండకు, వేడికి పాడవుతాయి కూడా. సెట్టింగ్ సరిచేసి, ఇప్పుడు లేని నానా గొంతో, ఫూఫీ గొంతో అందులో తేటగా వినపడిందా, ఆ వీడియోను కంప్యూటర్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి. ప్లేయర్ పోతే ఇంకోటి దొరుకుతుంది, ఆ గొంతు దొరకదు.