ఎవరి పేరున ఈ శిలలు?

మ్యూజియం చరిత్రను దాని అధికారుల జీవితచరిత్రగా రాయడం మనకు అలవాటు. మద్రాసు మ్యూజియం విషయంలో ఆ గౌరవం ఎడ్వర్డ్ బాల్ఫర్‌కు దక్కింది. సైనిక వైద్యుడైన ఆయన 1851లో దాని మొదటి అధికారి అయ్యాడు. 1859 దాకా దాన్ని పెంచిపోషించాడు.

ఆ మ్యూజియం శిల్పసంపదలో అతి విలువైనది గుంటూరు సీమలోని అమరావతి దిబ్బనుంచి వచ్చింది. 1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఎలియట్ తవ్వించిన పల్నాటి సున్నపురాతి పలకలు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఆరుబయట పడివున్నాయి. వాటి విలువ గుర్తించి 1856లో విలియం టేలర్ చేత నివేదిక రాయించింది బాల్ఫరే. స్తూపం రాళ్లు సున్నపు బట్టీల పాలైన కాలంలో అది చిన్న పని కాదు.

అయినా 1859లో 100కి పైగా శిలలు ఓడెక్కి లండన్ వెళ్లాయి. 'ఎలియట్ మార్బుల్స్' అన్న పేరు స్థిరపడింది. తవ్వించిన దొర పేరు నిలిచింది. గడ్డపార పట్టిన కూలీల పేర్లు మనకు అందలేదు.

శిలల మీది శాసనాలు మరో సంగతి చెబుతున్నాయి. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానం చేశాడు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు కూడా దాతలే. మద్రాసులోని శిల్పాలపై 1942లో వెలువడిన శివరామమూర్తి గ్రంథంలో ఈ శాసనాలు చదువుకోవచ్చు.

బాల్ఫర్ కృషిని కాదనక్కరలేదు. కాని అమరావతిని రాజవైభవంగా మాత్రమే కీర్తించే మన సాహిత్యం విధికుడికి ఇంకా బాకీ పడివుంది.