పేరు పెట్టు హక్కు ఎవరిది?

బిడ్డకు ఏ పేరు పెట్టవలెనన్న విషయమున ఆలుమగలు వాదులాడుకొనుట నిన్నమొన్న పట్టణములలో పుట్టిన వింత యనియు, తమ కాలమున తాతగారో పురోహితుడో ఒక పేరు నిర్ణయించుటయు, ఇంటిల్లపాదియు దానిని శిరసావహించుటయు తప్ప వేఱు మాట యుండెడిది కాదనియు పెద్దలు కొందఱు చెప్పుచుందురు. సూత్రగ్రంథములను, శాసనములను, కడకు మన పల్లెలలోని పేర్లనే ఒక్కింత శ్రద్ధగా చూచినచో ఈ మాట నిలువదు. వివాదము పూర్వమును కలదు; వంటింట గుసగుసగా సాగినది నేడు వసారాలోనికి వచ్చినది, అంతియే.

తెలుగుదేశమున వైదిక కుటుంబములలో పెక్కుమంది అనుసరించునది ఆపస్తంబసూత్రము. పుట్టిన పదవనాడు బాలింత లేచి స్నానము చేసిన పిమ్మట పుత్రునకు పేరిడవలెనని చెప్పుచు, ఆ సూత్రకారుడు ఆ పనిలో తండ్రిని, తల్లిని ఇరువురను పేర్కొనినాడు. పేరు రెండక్షరములదిగనో నాలుగక్షరములదిగనో ఉండవలెననియు, ఆడుబిడ్డ పేరున అక్షరములు బేసి సంఖ్యలో ఉండవలెననియు, ‘సు’ చేరిన పేరు సుప్రతిష్ఠితమైనదనియు లక్షణమంతయు విడమరచి చెప్పిన ఆ మహానుభావుడు, తల్లికొక పేరును తండ్రికొక పేరును నచ్చినచో ఏది నిలువవలెనో మాత్రము చెప్పక విడిచెను. ఆశ్వలాయనుడు మఱియొక యడుగు ముందుకు వేసి, పెద్దలకు నమస్కరించునప్పుడు చెప్పుకొనవలసిన పేరొకటి ప్రత్యేకముగా నిర్ణయింపవలెననియు, ఉపనయనమువఱకు దానిని తల్లిదండ్రులు మాత్రమే ఎఱిగియుండవలెననియు విధించినాడు. ఆ పేరు విషయమున దంపతులకు పొసగనినాడు అది రహస్యముగా ఎట్లు నిలిచినదో ఊహింపదగినదే!

శాస్త్రము చెప్పినదెల్ల ఇల్లాలు విన్నదనుకొనుటయు పొరపాటు. నక్షత్రము, వృక్షము, నది, పర్వతము, పక్షి, సర్పము వీని పేర్లు గల కన్యను వరింపరాదని మనుస్మృతి చెప్పుచుండగా, మన తల్లులు రోహిణి, రేవతి, తులసి, గోదావరి, కృష్ణవేణి, నాగమ్మ అని నిశ్చింతగా పేర్లు పెట్టి, ఆ పిల్లలకు పెండ్లిండ్లు చేసి, మనుమల నెత్తుకొనిరి. జన్మనక్షత్రపాదమును బట్టి తొలి యక్షరము నిర్ణయించు పద్ధతి వచ్చిన తరువాత ఆర్ద్రా నక్షత్రపు మూడవ పాదమునకు ‘ఙ’ అనియు, హస్తా నక్షత్రపు మూడవ పాదమునకు ‘ణ’ అనియు తేలినది. ఆ యక్షరములతో మొదలగు పేరు ఏ భాషలో వెదకవలెనో తెలియక పురోహితుడు దగ్గఱి యక్షరమేదో చూచి సర్దుబాటు చేయవలసి వచ్చెడిది. అట్టి సర్దుబాటునకు ఒకమాఱు తలుపు తెఱచిన పిమ్మట తల్లి కోరిక దూరుటకు సందు దొరకుట కష్టము కాదు.

పురాణకథలలో సైతము పుట్టినింటి పేరును మెట్టినింటి పేరును పోటీపడిన జాడలున్నవి. శకుంతల కొడుకు తల్లి పెరిగిన కణ్వాశ్రమమున సింహశార్దూలములను పట్టి యాడుచుండగా ఆశ్రమవాసులు వానిని సర్వదమనుడని పిలిచిరి. దుష్యంతుడు తన బిడ్డగా అంగీకరించిననాడు వాడు భరతుడైనాడు. వంశమునకును, దేశమునకును నిలిచినది రెండవ పేరు. మొదటి పేరును నేడు పండితులు తప్ప తలచువారు లేరు.

శిలలమీది పేర్లు ఇంతకంటె దాక్షిణ్యము చూపినవి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి అని శాతవాహన ప్రభువులు తల్లి గోత్రమును తమ పేరునకు ముందుంచుకొనిరి. వారి తరువాత క్రీస్తుశకము మూడవ శతాబ్దమున కృష్ణాతీరమున విజయపురి నేలిన ఇక్ష్వాకుల వరుస చూడుడు: వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, అతని కొడుకు ఎహువుల చాంతమూలుడు, అతని కొడుకు రుద్రపురుషదత్తుడు. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము మన నేలపై ఎంత పాతదో ఆ విజయపురి వెలసిన నాగార్జునకొండ రాళ్లు చెప్పుచున్నవి. తాత పేరు నిలిచిన ఆ రాతి మీదనే తల్లి గోత్రమును చెక్కబడినది. మగవారి వైపునకు పేరును, ఆడవారి వైపునకు విశేషణమును పంచి యిచ్చిన ఈ యేర్పాటు ఎవరి తెలివియో గాని మెచ్చదగినది.

ఈ విషయమున తెలుగువారికి మిక్కిలి దగ్గఱిదైన నిదర్శనము వేంగిది. ఏడవ శతాబ్దమున కుబ్జవిష్ణువర్ధనుడు స్థాపించిన తూర్పు చాళుక్యవంశమున విష్ణువర్ధన, విజయాదిత్య నామములు తరతరములుగా మాఱిమాఱి వచ్చుచుండినవి. పదునొకండవ శతాబ్దారంభమున ఆ వంశపు విమలాదిత్యునకు ఇరువురు రాణులుండిరి. అందొకతె కుందవ్వ, తంజావూరినేలిన రాజరాజచోళుని కూతురు. రెండవది మేళమ, తెలుగుచోడుల యాడుబిడ్డ. కుందవ్వ కొడుకునకు ఆమె తండ్రి పేరు రాజరాజని పెట్టబడెను; మేళమ కొడుకునకు చాళుక్యుల పాతపేరు విజయాదిత్యుడని పెట్టబడెను. ఆనాటి అంతఃపురమున ఎవరేమనిరో వ్రాసిపెట్టినవారు లేరు గాని, ఒకే తండ్రి బిడ్డలలో ఒకడు తల్లి వంశపు పేరును, ఒకడు తండ్రి వంశపు పేరును ధరించి, తరువాత సింహాసనమునకై పోరాడిన చరిత్రను చదువునప్పుడు, ఆ పోరు ఉయ్యాలలోనే మొదలైనదేమో యను శంక కలుగక మానదు. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడు పట్టముతోపాటు విష్ణువర్ధన బిరుదమును గ్రహించి తండ్రివైపువారికి లోటు రానీయలేదు. నన్నయభట్టారకుని పోషించిన ఆ ప్రభువు పేరు మన సాహిత్యచరిత్ర మొదటి పుటలో నిలిచినది. అది మాతామహుని పేరని తెలిసి తలచువారు అరుదు.

కథ అంతటితో ముగియలేదు. రాజరాజనరేంద్రుడు తన మేనమామయైన రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవిని పెండ్లాడెను. వారి కొడుకునకు మరల తల్లివైపు తాత పేరే, రాజేంద్రుడని, వచ్చెను. ఆ బిడ్డయే 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడని ప్రసిద్ధికెక్కెను. వరుసగా రెండు తరములు వేంగిలో తల్లివైపు పేరు గెలిచినదన్నచో చోళుల బలమును తలచుకొని అంగీకరింపవచ్చును. కాని ఇందు మేనరికపు మహిమయు కలదు. మేనమామ కూతురిని చేసికొనిన యింట తల్లివైపు తాతగారు తండ్రికి మేనమామయే, నాయనమ్మకు తోబుట్టువే యగుటచే, ఆయన పేరు పెట్టుటకు అత్తగారు అడ్డుపడుట కల్ల. మన సామాన్య కుటుంబములలోను మేనరికమున్నచోట నామకరణ వివాదము సగము తగ్గుట నేటికిని చూడవచ్చును. ఓరుగల్లున పరిస్థితి వేఱు: కొడుకులు లేని గణపతిదేవుడు కూతురు రుద్రమను రుద్రదేవ మహారాజను పేర పట్టమునకు నిలిపెను, ఆ పేరు ఆయన పెదతండ్రిది. రుద్రమ తరువాత రాజ్యమందిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు కొడుకు. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడు. ఆ వైపు పేరు రాజ్యమునకు రానేలేదు.

రాజులను విడిచి ఇండ్లలోనికి వత్తము. తొలికాన్పు పుట్టినింట జరుగుట మన మర్యాద. పదునొకండవనాడు పురుడు, ఇరువదియొకటవనాడు బారసాల. పళ్లెరమున బియ్యము పోసి, ఉంగరముతో పేరు వ్రాసి, బిడ్డ చెవిలో చెప్పి, ఉయ్యాలలో వేయుదురు. ఖర్చు అమ్మగారి యింటిది, పేరు అయ్యగారి యింటిది. పెద్దకొడుకునకు తండ్రివైపు తాత పేరనియు, రెండవవానికి తల్లివైపు తాత పేరనియు పెక్కు కుటుంబములలో ఒక ఒప్పందముండెడిది గాని, రెండవ మగబిడ్డ పుట్టుననుటకు పూచీ ఎవ్వరు? అందుచే తొలిచూలుతోనే తగవు.

ఆ తగవులో ఓడిన తల్లి ఊరక కూర్చుండలేదు. మామగారి పేరు కోడలు నోటితో పలుకరాదు. ఆ పేరు కొడుకునకు పెట్టినచో కొడుకునైనను ఆ పేర పిలువరాదు. అందుచే ఆమె వానిని అబ్బాయి యనియో, బాబనియో, చంటి, చిన్ని, బుజ్జి, చిట్టి యనియో పిలిచినది. ఊరంతయు ఆ పిలుపే పట్టుకొనినది. తాతగారి పేరు దస్తావేజులలోను, పెండ్లిపత్రికలోను మాత్రము మిగిలినది. మన ముద్దుపేర్లు వాత్సల్యముచే పుట్టినవని యందఱు తలతురు. అందు సగము నిషేధముచే పుట్టినవని నా యభిప్రాయము. అత్తగారి పేరు పెట్టిన కూతురి విషయము మఱింత సున్నితమైనది: దానిని పేరు పెట్టి తిట్టుట అత్తగారిని తిట్టుటయే యగును. ఈ యవకాశమును వాడుకొనిన కోడండ్రు లేకపోలేదు.

తల్లి చేతిలోని రెండవ ఆయుధము మ్రొక్కు. బిడ్డల కొఱకు దేవుని వేడుకొనునది ఆమె. వేడుకొనిన దేవుని పేరు కాదనుటకు మామగారికైనను గుండె చాలదు. అందుచే తెలుగువాని పేరు విని వాని తల్లి ఏ కొండ యెక్కినదో చెప్పవచ్చును. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలమ్మ యన్నచో సింహాచలము; పైడిరాజు, పైడమ్మ యన్నచో విజయనగరపు పైడితల్లి; సత్యనారాయణ యన్నచో పెక్కుచోట్ల అన్నవరము; కోటయ్య, కోటేశ్వరరావు కోటప్పకొండ; మాలకొండయ్య, మాల్యాద్రి మాలకొండ; పెంచలయ్య నెల్లూరి సీమలోని పెంచలకోన; ఓబులేసు అహోబిలము. తెలంగాణమున యాదగిరి, యాదమ్మ, కొమురవెల్లి మల్లన్న పేర కొమురయ్య, మేడారపు తల్లుల పేర సమ్మయ్య, సారయ్య. దర్గాకు మ్రొక్కిన హిందూ తల్లులు మస్తానయ్య, మస్తానమ్మ, దస్తగిరి యని పేర్లు పెట్టిరి. ఆ పేర్లు గుంటూరు, కడప, కర్నూలు సీమలలో నేటికిని వినబడుచున్నవి.

తాత పేరును విడువక తండ్రియు, మ్రొక్కును విడువక తల్లియు పట్టుపట్టినప్పుడు రెండును కలిపిరి. గోదావరి జిల్లాలలో వేంకట సత్య సుబ్రహ్మణ్య నరసింహమూర్తి వంటి దీర్ఘనామములు వినినప్పుడు పరాయి ప్రాంతమువారు నవ్వుకొందురు. అవి సంధిపత్రములని వారికి తెలియదు. వేంకట ఇలవేల్పు, సత్య తల్లి మ్రొక్కు, సుబ్రహ్మణ్య అమ్మమ్మ పట్టు, నరసింహమూర్తి తాతగారు; ఎవ్వరును ఓడలేదు, మోసినవాడు బిడ్డ. ఆంగ్లప్రభుత్వపు కచేరీలలోను, పాఠశాలలలోను ఈ పేర్లు పొడియక్షరములుగా కుదించబడుటతో ఒక యన్యాయము జరిగినది: చివర నిలిచిన తాతగారు పూర్తిగా మిగిలిరి, తల్లి మ్రొక్కు ఒక్క యక్షరమైనది.

పుట్టిన బిడ్డలు వరుసగా పోయిన యిండ్లలో మాత్రము పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, బిచ్చయ్య యని మృత్యువు చూపు పడని పేర్లు పెట్టిరి. ఆ పేర్ల విషయమున ఆలుమగలు వాదులాడినట్లు ఎవ్వరును చెప్పగా వినలేదు.

ఇరువదవ శతాబ్దమున తల్లులు చదువ నేర్చిరి. దానితో వాదము స్వరూపమే మాఱినది. వంగనవలల తెలుగు సేతలనుండియు, జాతీయోద్యమమునుండియు క్రొత్తపేర్లు ఇండ్లలో ప్రవేశించినవి. స్వరాజ్యము, ఝాన్సీ, సుభాష్ వంటి పేర్లకు తాతలు లేరు గనుక ఏ వైపువారును తమదని చెప్పుకొనజాలరు. కృష్ణా, గుంటూరు మండలములలో వామపక్షాభిమానులు లెనిన్, స్టాలిన్ పేర్లను సైతము బారసాల బియ్యమున వ్రాసిరి. నాస్తికోద్యమనాయకుడైన గోపరాజు రామచంద్రరావును, ఆయన భార్య సరస్వతియు ఇంకను ముందుకు పోయి, ఉప్పు సత్యాగ్రహపు ఏట, 1930లో, పుట్టిన కొడుకునకు లవణమనియు, మఱియొక కొడుకునకు సమరమనియు, తొమ్మిదవ బిడ్డకు హిందీలో తొమ్మిదను అర్థము వచ్చునట్లు నౌ అనియు పేర్లిడిరి. దేవుని, కులమును, తాతను ఒక్కసారి తొలగించినచో తగవునకు మిగులునది కేలండరు మాత్రమే.

ప్రభుత్వము ఈ వ్యవహారములోనికి మెల్లగా వచ్చినది. చెన్నరాజధానిలో జననమరణములను లెక్క వ్రాయుటకు 1899లో చట్టము చేయబడెను. నేడు అమలునందున్న 1969 చట్టముక్రింద పేరు లేకుండను జననము నమోదు చేయవచ్చును; ఏడాదిలోపల రుసుము లేకుండను, ఆ పిమ్మట రుసుముతో పదునైదేండ్లవఱకును పేరు చేర్పించుకొనవచ్చును. పదునైదేండ్లు వాదులాడుకొనుటకు ప్రభుత్వమే గడువిచ్చినదని సంతసింపవలసినదే. అమెరికాలోని మన దంపతులకు ఈ సౌఖ్యము లేదు. సాధారణముగా ఆసుపత్రి విడుచుటకు ముందే జననపత్రమునకు పేరు చెప్పవలసియుండుటచే, బారసాల నాటికి వాదమును ముగిసి, బియ్యమున వ్రాయుట వేడుకగా మాత్రమే మిగులుచున్నది.

న్యాయస్థానములవఱకు పోయిన తగవులును కలవు. భర్త చనిపోగా పునర్వివాహము చేసికొనిన ఒక తెలుగు తల్లి తన బిడ్డకు రెండవ భర్త ఇంటిపేరు పెట్టుకొనవచ్చునా యన్న వ్యాజ్యమున, సహజసంరక్షకురాలైన ఆమెకు ఆ హక్కు కలదని 2022 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మఱుసటి యేడు కేరళమున విడిపోయిన దంపతులు బిడ్డ పేరు విషయమున రాజీపడనందున, బడిలో చేరుటకు పేరు లేక నిలిచిన ఆ బాలికకు హైకోర్టే పేరు పెట్టవలసి వచ్చినది. న్యాయమూర్తి తల్లి కోరిన పేరును నిలిపి, దానికి తండ్రి పేరును జతపఱచినాడు. మన గోదావరి ముసలమ్మలు ఏ చట్టమును చదువకయే చేసిన పని యదియే.

పాఠకులకు ఒక విన్నపము. మీ పూర్తి పేరులో ఏ మాట ఎవరి పట్టుచే వచ్చినదో, ఏ మ్రొక్కు ఏ పొడియక్షరమున దాగియున్నదో చెప్పగల వృద్ధులు మీ యింట ఇంకను ఉన్నచో, వారిని అడిగి వ్రాసి ఉంచుడు. తాతగారి సంగతి ఎవరైనను చెప్పుదురు గనుక, ముందుగా తల్లివైపువారిని అడుగుడు.