అయిదు చేపల వంశం, ఆరడుగుల తొట్టి

జిలేబి చేపను మా వైపు చుట్టాలొచ్చినప్పుడు ఎవరూ వండరు. బొచ్చె దొరక్క, కొరమీను ధర అందక, సరేలే అని సంచిలో వేయించుకునే చేప అది. ముల్లెక్కువ, కండ తక్కువ. ఎండాకాలం చెరువు అడుగంటే వేళకు అరచేయంతవి వలనిండా పడతాయి. ఈ చేపకు దాయాదులైనవే బెంగళూరు అక్వేరియం షాపుల్లో నీలి లైట్ల కింద, జతల లెక్కన, మహా దర్జాగా అమ్ముడుపోతుంటాయి. పెనుకొండ పక్కనున్న సోమందేపల్లి ఆ బెంగళూరు హైవే మీదే ఉంది. కొత్తిల్లు కట్టి హాల్లో ఆరడుగుల గాజు తొట్టి పెట్టించినవాళ్ళు పొద్దున కారెక్కితే సాయంత్రానికి చేపలతో తిరిగి రావచ్చు. తెచ్చిన చేపలు వారం తిరక్కుండానే ఒకదాన్నొకటి ఎందుకు చీల్చుకున్నాయో తెలియాలంటే మాత్రం ఇంకాస్త దూరం పోవాలి. ఈజిప్టు దాకా.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో నెబమున్ అనే ఆయన సమాధి గోడ నుంచి తీసిన చిత్రం ఒకటి ఉంది. క్రీ.పూ. 1350 ప్రాంతానిది. నెబమున్ రాజు కాదు, గుడి ధాన్యం లెక్కలు రాసే ఉద్యోగి. చిత్రంలో తోట మధ్య ఒక కొలను, గట్టు చుట్టూ చెట్లు, నీళ్ళలో తామరలు, బాతులు, వాటి నడుమ చేపలు. వీపు పొడుగునా ముళ్ళ రెక్క, బిళ్ళలాంటి ఒళ్ళు. మన జిలేబి చేపకు పెదనాన్న బిడ్డల వరస. చచ్చిపోయాక కూడా ఆ కొలనూ ఆ చేపలూ తనతో ఉండాలని గోడ మీద గీయించుకున్నాడు లెక్కల మనిషి. ఈజిప్టువాళ్ళకు ఈ చేప మీద అంత మోజు ఊరికే రాలేదు. నైలు నది తిలాపియాలో ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ప్రమాదం కనిపిస్తే ఈతకొచ్చిన పిల్లల్ని కూడా మళ్ళీ నోట్లోకి తీసుకుంటుంది. మింగిన బిడ్డలు బతికి బయటికి రావడం చూసిన జనం, ఇది పునర్జన్మకు గుర్తు అనుకున్నారు.

ఈ కుటుంబాన్ని సిక్లిడ్‌లు అంటారు. షాపులో ఏంజెల్ అడిగినా, ఆస్కార్ అడిగినా, డిస్కస్ అడిగినా, షాపు కౌంటర్ల మీద ఒంటరిగా తిరిగే బొడిపె తల ఫ్లవర్‌హార్న్‌ను అడిగినా ఇంటిపేరు ఇదే. శాస్త్రవేత్తలు పేర్లు పెట్టినవే 1,600 జాతులకు పైమాట. ఎక్కువ భాగం ఆఫ్రికా పెద్ద సరస్సుల్లోనూ, దక్షిణ, మధ్య అమెరికా నదుల్లోనూ ఉంటాయి. భారతదేశానికి సొంతమైనవి మూడే. మూడూ తీరం వైపువే. దక్కను లోపలి చెరువుల్లో ఈ ఇంటిపేరు చేప పుట్టలేదు. ఇప్పుడున్నదంతా వలస.

మన మూడింటిలో రెంటికి పేరు పెట్టినాయన భారతదేశం ముఖం చూడలేదు. మార్కస్ బ్లాక్ బెర్లిన్‌లో వైద్యుడు. తరంగంబాడిలో ఉన్న డేనిష్ మిషన్ పాదిరీ క్రిస్టఫ్ జాన్ దక్షిణ భారతపు చేపల్ని సీసాల్లో భద్రం చేసి ఆయనకు పంపుతుండేవాడు. బ్లాక్ 1790లో ఒక చేపకు కీటోడాన్ సూరటెన్సిస్ అని, 1795లో ఇంకోదానికి కీటోడాన్ మాక్యులేటస్ అని పేర్లు రాశాడు. కీటోడాన్ అంటే పగడపు దిబ్బల్లో తిరిగే సముద్రపు చేపల వర్గం. బిళ్ళలాంటి ఒళ్ళు చూసి పొరబడ్డాడు. సూరత్ పేరు తగిలించుకున్న మొదటిది కేరళ బ్యాక్‌వాటర్స్ కరిమీను. మన పులికాట్‌లోనూ, ఒడిశా చిలికాలోనూ ఉంటుంది. కేరళ దాన్ని 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించింది. రెండోది నారింజ రంగు మీద నల్లచుక్కతో ఉండే చిన్న చేప, ఆరెంజ్ క్రోమైడ్. మూడోదాన్ని 1877లో ఫ్రాన్సిస్ డే దక్షిణ కనరా నుంచి వర్ణించాడు. బ్లాక్ ఒక్కడే కాదు, ఆస్కార్‌ను 1831లో వర్ణించిన అగాసిజ్ కూడా ఆ అమెజాన్ చేపను సముద్రపుదనే అనుకున్నాడు. సీసాలో పడ్డ చేప తన ఊరు చెప్పదు కదా.

మన కరిమీనుకు దగ్గరి చుట్టాలు ఆఫ్రికా ప్రధాన భూభాగంలో లేరు, మడగాస్కర్‌లో ఉన్నారు. ఆ దీవీ మన భూభాగమూ దాదాపు 8.8 కోట్ల ఏళ్ళ కింద విడిపోయాయి. నేలతోపాటు చేపా విడిపోయిందా, తర్వాత సముద్రం దాటి వచ్చిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

జిలేబి చేప కథ మాత్రం నిన్నమొన్నటిది. జర్మన్ యాత్రికుడు విల్హెల్మ్ పీటర్స్ 1852లో ఈ చేపకు, అంటే మొజాంబిక్ తిలాపియాకు, పేరు పెట్టాడు. 1930ల చివర్లో ఆ చేప ఎలా చేరిందో ఎవరికీ తెలియకుండానే తూర్పు జావా తీరంలో కనిపించింది. ముజాయిర్ అనే ఊరిపెద్దమనిషి అయిదు చేపల్ని, మూడు మగ, రెండు ఆడ, పట్టుకెళ్ళి పెరటి నీళ్ళలో పెంచాడని చెబుతారు. ఇండోనేషియాలో ఆ చేపను నేటికీ ఆయన పేరుతో ముజాయిర్ అనే పిలుస్తారు. అక్కడి నుంచి మలయా, అక్కడి నుంచి సిలోన్. పీటర్స్ పేరు పెట్టిన సరిగ్గా నూరేళ్ళకు, 1952లో, సిలోన్ నుంచి మండపం రేవుకు. చవగ్గా మాంసకృత్తులు దొరుకుతాయని తెచ్చారు. ఏడేళ్ళు తిరక్కముందే చేపల నిపుణులు తలపట్టుకున్నారు. రెండు మూడు నెలల వయసులోనే గుడ్లు పెడుతుంది. పిల్లల్ని నోట్లో దాచి కాపాడుకుంటుంది. చెరువు నిండిపోయి ఏ ఒక్కటీ ఎదగదు. 1959లో దీని పెంపకం వద్దన్నారు. చేప ఆ ఉత్తర్వు చదవలేదు. కాలవ వెంట, వరద వెంట, పిల్లల ఆట డబ్బాల వెంట చెరువు నుంచి చెరువుకు పోయింది. బొచ్చె వేలకు వేల గుడ్లు నీటిలో వదిలి తనదారిన తాను పోతుంది. జిలేబి కొన్ని వందలే పెట్టినా ఒక్కోదాన్నీ కాస్తుంది. ఈ కాపలాయే చెరువులో తెగులు, గాజు తొట్టిలో వినోదం.

ఆ వినోదం ఎలాంటిదో చెప్పడానికి ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్‌ను మించినవాడు లేడు. ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, 1949 నాటి పుస్తకంలో, తన తొట్టిలోని జువెల్ సిక్లిడ్ తండ్రి సంగతి రాశాడు. సందె వేళ తప్పిపోయిన పిల్లల్ని నోట కరిచి గూటికి చేరుస్తున్న ఆ తండ్రి ఓ వానపామును నోట్లో వేసుకున్నాడు. నమలుతుండగా ఇంకో పిల్ల కనిపించింది, దాన్నీ నోట్లోకి తీసుకున్నాడు. ఇప్పుడు ఒకటి మింగాలి, ఒకటి మింగకూడదు. కాసేపు బిగుసుకుపోయి, రెంటినీ ఉమ్మేసి, ముందు వానపామును తాపీగా తిని, తర్వాత పిల్లను తీసుకుని ఇంటికెళ్ళాడు. చూస్తున్న శిష్యులు చప్పట్లు కొట్టారట.

సరే, సోమందేపల్లి తొట్టికి వద్దాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. 680 లీటర్లు పడుతుంది. నీళ్ళే ఏడు క్వింటాళ్ళకు దగ్గర, గాజూ రాళ్ళూ అదనం, కాబట్టి మిద్దె మీద పెట్టే ముందు మేస్త్రీని అడగాలి. ఇంత తొట్టి ఉంటే పది రకాలు కలిపేయవచ్చని అందరూ అనుకుంటారు. చేప లెక్క వేరు. దానికి లీటర్లు తెలియవు, హద్దులే తెలుసు. గుడ్లు పెట్టని రోజుల్లో గొర్రెలాంటి చేప, గుడ్లు పెట్టిన సాయంత్రం నుంచి మూడడుగుల దూరంలో తిరిగేదాన్నల్లా తరుముతుంది. రెండు జంటలు పెట్టదలిస్తే ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి గూడు కట్టుకునేలా చూసుకోవాలి. మధ్యలో ఒకదానికొకటి కనబడకుండా రాళ్ళు పేర్చాలి. పెనుకొండ చుట్టూ రాళ్ళకేం కరువు? గుండు రాయి నీటిని మార్చదు, బెంగలేదు. కడప బండ సున్నపురాయి, అమెజాన్ చేపల తొట్టిలో అది వద్దు. గుడ్లకు మాత్రం ఏ ప్లాస్టిక్ కోటా అక్కర్లేదు, పగిలిన కుండ పెంకును బోర్లించి ఇస్తే చాలు. వెచ్చటి నీళ్ళలో రెండు మూడు రోజులకు గుడ్లు చిట్లుతాయి, ఓ వారానికి పిల్లలు ఈదుతాయి.

ఇక జంట. షాపులో 'పెయిర్' అని రెండు చేపల్ని ఒకే కవర్లో కట్టి ఇస్తారు. ఒక మగా ఒక ఆడా ఉంటే జంట అయిపోతుందన్నది మన అమాయకత్వం. సిక్లిడ్‌లలో జంటకట్టే జాతులు తమ తోడును తామే ఎంచుకుంటాయి. ఎంచుకోని రెంటిని ఒక తొట్టిలో వేస్తే బలమైనది రెండోదాన్ని మూలకు నెట్టి చంపినా చంపుతుంది. జాతకాలు చూసి ముడిపెట్టే పద్ధతి ఇక్కడ చెల్లదు. ఏంజెల్‌లలో రెండు ఆడవే జతకట్టి గుడ్లు పెట్టి కాపలా కాయడం కూడా మామూలే. ఆ గుడ్లు పిల్లలు కావు, అమ్మినవాడి మీద కోపం తెచ్చుకునీ లాభం లేదు. అందుకే పాత పెంపకందార్ల పద్ధతి ఒకటే: చిన్నపిల్లల్ని ఆరు తెచ్చి కలిపి పెంచడం. పెద్దవయ్యాక ఏదో రోజు రెండు చేపలు ఒక మూల ఆక్రమించి మిగిలిన నాలుగింటినీ రెండో మూలకు తరిమేస్తాయి. అదే లగ్నం.

ఏ ఆరు తేవాలన్నది మనసు చెప్పాల్సిన సంగతి కాదు, బోరు చెప్పాలి. ఈ నేలలో నీళ్ళు ఎప్పుడూ సుళువుగా రాలేదు. 1388 నాటి శాసనం ఒకటి, బుక్కరాయలు జలసూత్ర నిపుణుడు సింగాయభట్టును పిలిపించి పెన్నను పెనుకొండకు తీసుకురమ్మన్నాడని, ఆయన సిరువేర చెరువుకు కాలవ తవ్వించాడని చెబుతుంది. ఇప్పుడు ఇళ్ళల్లోకి వచ్చేది ఎక్కువగా బోరు నీరు. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, గిన్నెకు తెల్ల పొర కడుతుంది. డిస్కస్‌కూ, రామ్ సిక్లిడ్‌లకూ ఇది విషంతో సమానం, వాటికి వాన నీళ్ళలాంటి మెత్తటి నీళ్ళు కావాలి. ఆఫ్రికాలో మలావీ, టాంగన్యీకా సరస్సుల చేపలకు మాత్రం గట్టి, క్షారపు నీళ్ళే పుట్టిల్లు. ఫ్లోరైడ్ సంగతి పరీక్ష చేయించుకుని చూసుకోవాలి గానీ, మనం తిట్టుకునే ఉప్పు బోరు వాటికి అలవాటైన రుచే. మలావీ మగవి జంటలు కట్టవు, ఒకటికి మూడు నాలుగు ఆడవి ఉండాలి. జంట చూడాలన్నవాళ్ళు టాంగన్యీకా వైపు వెళ్ళాలి.

నన్నడిగితే అంత దూరం కూడా పోనక్కర్లేదంటాను. బ్లాక్ సముద్రపుదనుకున్న ఆరెంజ్ క్రోమైడ్ అరచేయి దాటదు, గట్టి నీళ్ళను ఓర్చుకుంటుంది, జంట కట్టి పిల్లల్ని కాస్తుంది. ఆ పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును గీక్కుని తింటాయి, పాలు తాగినట్టు. అదే తొట్టిలో కరిమీను ఉంటే ఈ చిన్న చేప దాని రెక్కల్ని శుభ్రం చేస్తుందని 1972లో ఇద్దరు పరిశోధకులు రాశారు. అదే చిన్న చేప అవకాశం దొరికితే కరిమీను గుడ్లనూ తింటుంది. పొరుగింటి సఖ్యత అలాగే ఉంటుంది. మన దేశపు చేప కాబట్టి షాపువాడు మొదట దీన్ని చూపించడు, అడగాలి.

జంట కుదిరిన రోజు మిగిలిన నాలుగింటిని ఎక్కడ ఉంచుతారో ముందే అనుకోండి. షాపుకు తిరిగి ఇవ్వచ్చు, తెలిసినవాళ్ళకు ఇవ్వచ్చు, ఇంకో తొట్టి కొనచ్చు. ఊరి చెరువులో మాత్రం వదలకండి. అక్కడ జావా నుంచి వచ్చిన అయిదు చేపల వంశం ఇప్పటికే ఇరుక్కుని ఉంటోంది.