రాజు పోయాడు, రాజ్యం ఎవరికొచ్చింది? (ఇరాన్ కథ – 3)

ఇరాన్‌లో జనం రోడ్డెక్కిన ప్రతిసారీ మనవాళ్లు ఒకటే అడుగుతారు: ఈ ప్రభుత్వం ఈసారైనా పడిపోతుందా? నా ప్రశ్న వేరు. పడిపోయాక కొత్త రాజ్యాంగం ఎవరు రాస్తారు?

1978 చివర్లో షాను కదిలించింది మసీదు ఒక్కటే కాదు. ఖుజెస్తాన్ చమురు కార్మికులు పని ఆపేశారు. రోజుకు దాదాపు 60 లక్షల బ్యారెళ్లు తీసే దేశంలో ఉత్పత్తి మూడో వంతుకన్నా కిందికి పడింది. 1953లో మొసాదెగ్ ప్రభుత్వాన్ని కూల్చి అమెరికా, బ్రిటన్ నిలబెట్టిన ఆ రాజు 1979 జనవరి 16న దేశం విడిచిపోయాడు. ఫిబ్రవరి 1న ఖొమేనీ దిగాడు.

నెల తిరిగిందో లేదో, ప్రభుత్వ ఆఫీసుల్లో ఆడవాళ్లు హిజాబ్ వేసుకోవాలన్నాడు. మార్చి 8న వేలమంది మహిళలు టెహ్రాన్ వీధుల్లోకొచ్చారు. మేం విప్లవం చేసింది వెనక్కి పోవడానికి కాదన్నారు. వాళ్లమీద దాడులు జరిగాయి. వామపక్షంలో చాలామంది మాత్రం ముందు సామ్రాజ్యవాదం సంగతి, ఆడవాళ్ల సంగతి తర్వాత అన్నారు. ఈ 'తర్వాత' మనకు కొత్తా? కులం గురించి నోరు తెరిచినప్పుడల్లా విన్నదే కదా!

మూడు వారాలకే, మార్చి 30, 31 తేదీల్లో రెఫరెండం. ఒక్కటే ప్రశ్న: ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా, వద్దా? ఆకుపచ్చ అంటే అవును, ఎరుపు అంటే కాదు. అప్పటికి రాజ్యాంగమే లేదు. అంటే ఏం రాయబోతున్నారో తెలియకుండానే జనం సంతకం పెట్టారు. 98 శాతానికి పైగా అవునన్నారు. కుర్దులు చాలాచోట్ల బహిష్కరించారు. కమ్యూనిస్టులైన తూదే పార్టీ అవుననే అంది.

జూన్‌లో వచ్చిన ముసాయిదాలో మతగురువు పెత్తనం లేదు. మతపెద్దలతో నిండిన సభ దాన్ని తర్వాత చేర్చింది. 1983లో తూదేని నిషేధించారు. హిజాబ్ లేకపోతే కొరడా దెబ్బలన్న చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. 1988లో జైళ్లలో వేలమంది రాజకీయ ఖైదీలను చంపేశారు.

2022లో హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్లిన 22 ఏళ్ల కుర్దు యువతి జీనా మహ్సా అమీనీ పోలీసు నిర్బంధంలో చనిపోయింది. దేశమంతా మోగిన నినాదం కుర్దు భాషదే: స్త్రీ, జీవితం, స్వేచ్ఛ. 1979లో పక్కకు నెట్టేసిన ఇద్దరూ, ఆడవాళ్లూ కుర్దులూ, ఈసారి ముందు వరుసలో నిలబడ్డారు.

ఇప్పుడు దేశం బయట షా కొడుకు పేరు వినిపిస్తోంది. బాంబులేసి స్వేచ్ఛ తెస్తామనేవాళ్లూ ఉన్నారు. పాలకుడు మారినంత మాత్రాన పాలన మారదని 1979 చెప్పింది. ఇరాన్‌లో రేపు మళ్లీ ఓటు పెడితే, అందులోని ప్రశ్న రాసే చోట చమురు కార్మికుడు, కుర్దు స్త్రీ ఉంటారా? ఉంటేనే అది విప్లవం. లేకపోతే కుర్చీ మీద మనిషి మారతాడు, అంతే.

(మిగతాది వచ్చే భాగంలో)