చొప్ప విలువ - పీచు జీర్ణమగు తీరు

నర్మెట్ట ప్రాంతమున వయసు మళ్లిన రైతును అడిగి చూడుడు: ఎద్దునకు జొన్నచొప్ప మేలా, వరిగడ్డి మేలా? ఆలోచింపకయే చొప్ప అని చెప్పును. చొప్పలోనైనను ఒక కట్టను మెచ్చి, వేరొక దానిని పక్కకు నెట్టును. చూపునకు రెండును ఎండుపుల్లలే! ఈ భేదము ఎక్కడ నున్నదో తేల్చుటకు శాస్త్రమునకు నూరేండ్లకు పైగా పట్టినది.

పీచులో ముఖ్యమైనది సెల్యులోజు. దానిని విడగొట్టు ఎంజైమును మన శరీరము తయారుచేయదు. ఎద్దు శరీరమును చేయదు. అయినను ఎద్దు గడ్డి తిని నాగలి లాగుచున్నది. 1843లో ఫ్రాన్సులో గ్రూబీ, దెలఫాన్ అనువారు పశువు మొదటి ఆమాశయమగు రూమెన్‌లో ప్రోటోజోవాలు గుంపులుగా తిరుగాడుట చూచిరి. 1884లో జర్మనీలో టాపైనర్ ఆ రసములో పీచును నానబెట్టెను. సూక్ష్మజీవులను అణచు మందు కలిపినచో పీచు కరగలేదు. కలపనిచో పులిసి ఆమ్లములుగా మారెను. 1944లో కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్టు బృందము ఈ ఆమ్లములు రూమెన్ గోడ గుండ నేరుగా రక్తమున చేరునని చూపెను. అందు ముఖ్యమైనది అసిటిక్ ఆమ్లము, అనగా మన పులిసిన కాడి పులుపే. ఎద్దు పొందు శక్తిలో అధికభాగము వీటి నుండియే వచ్చును. రైతు వేసిన మేతకు మొదటి పంక్తిలో కూర్చుండునవి సూక్ష్మజీవులన్నమాట. నెమరువేయుట వాటికి పుల్లలను నలిపి పెట్టుటయే.

మరి ఒక మేత బాగుగను, వేరొకటి అంతంతమాత్రముగను జీర్ణమగుటేల? 1860 ప్రాంతమున జర్మనీలోని వీండెలో హెన్నెబెర్గు, స్టోమన్ మేతను పలుచని ఆమ్లములో, పిదప క్షారములో ఉడికించి, మిగిలినదానిని ముడిపీచు అనిరి. ఈ కొలత నూరేండ్లు రాజ్యమేలినది. కాని అందొక లోపమున్నది. సెల్యులోజును చుట్టి సూక్ష్మజీవులను దరిజేరనీయని లిగ్నిన్ కొంత క్షారములో కరగిపోయి, సులభముగా జీర్ణమగు పదార్థముల లెక్కలో చేరుచుండెను. దొంగను కాపలావారి జాబితాలో వ్రాసినట్లు! 1960 దశకమున అమెరికాలో వాన్ సోయెస్టు డిటర్జెంటు ద్రావణములతో పీచును వేరుచేయు పద్ధతిని ఏర్పరచి దీనిని సరిదిద్దెను.

సరిగా ఆ కాలముననే, 1964లో, మన దేశపు తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 విడుదలైనది. నాటి లక్ష్యము గింజ. చొప్పను తూచినవారే అరుదు. దాని జీర్ణతను కొలిచినవారు ఇంకను అరుదు. మెట్టరైతునకో, కరవు ఏట ఎద్దును నిలుపుకొనుటయా, సంతకు తోలుటయా అన్నది చొప్పవామి పైననే ఆధారపడును.

చొప్ప విలువను అంకెలతో చూపినది హైదరాబాదు మేత బజారు. 2004-05లో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు అక్కడి వర్తకుల చొప్పను పరీక్షించిరి. రకములను బట్టి జీర్ణత సుమారు 47 నుండి 52 శాతము వరకు ఉండెను. ఈ అయిదు పాళ్ల తేడాకే ధరలో ఇంచుమించు నాలుగవ వంతు హెచ్చు కనబడెను! ప్రయోగశాల ఎరుగని పాలవ్యాపారి కంటితో, చేతితో అంచనా కట్టి అంత సొమ్ము చెల్లించుచుండెను. గింజతోపాటు చొప్ప జీర్ణతను గూడ చూచి వంగడములను ఎంచవలెనను వాదమునకు ఇది గట్టి సాక్ష్యమైనది.

వరిగడ్డి సంగతి కొంత విచిత్రము. జొన్నలో ఆకు మెత్తన, కాడ గట్టి. వరి ఆకులో సిలికా హెచ్చు గనుక అక్కడ కాడయే ఆకు కంటె మేలుగా జీర్ణమగును. జొన్న తగ్గి వరి, పత్తి పెరిగిన ఊళ్లలో ఇపుడు ఈ గడ్డియే పశువునకు దిక్కు. 100 కిలోల వరిగడ్డిపై 4 కిలోల యూరియాను నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ మూడు వారములు కప్పి ఉంచినచో, వెలువడు అమ్మోనియా లిగ్నిన్ పట్టును సడలించును. విప్పిన గడ్డిని ఘాటు పోవువరకు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. దూడలకు మాత్రము పెట్టరాదు. వాటి రూమెన్ ఇంకను తయారు కాలేదు.