చలికాలపు చెరువు, గాలం పోటీ, కొంత పాత చరిత్ర



పోయిన ఆదివారం మీటింగులో మన కుర్రవాళ్లు ఒక ప్రతిపాదన పెట్టారు. జనవరిలో వరాల చెరువు గట్టున గాలం పోటీ జరుపుదామని, ప్రవేశ రుసుముగా వచ్చిన డబ్బు పిల్లల పుస్తకాల నిధికి వేద్దామని. నిధికి ఎవరు అడ్డు చెబుతారు? అయినా నేను చెయ్యెత్తి వద్దన్నాను. ఎందుకని అడిగితే రెండు మాటల్లో చెప్పలేక, రాసి పెడతానని కూర్చున్నాను. ఇదిగో రాస్తున్నాను. పొడుగైతే ఓపిక పట్టండి. జీవితమంతా గూడ్స్ ఆఫీసులో రిజిస్టర్లు నింపిన చెయ్యి ఇది, ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఊరుకోదు. ఇంకో మాట. నేను సేలం జిల్లాలో తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ఇక్కడికి వచ్చాక సంఘం క్యాలెండరు ముందు పెట్టుకుని దిద్దుకున్నాను. తప్పులుంటే పెద్దలు సరిచెయ్యండి, పిల్లలు నవ్వుకోండి.

ప్రతిపాదన తెచ్చిన కుర్రాడు నాకు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఏదో రిజర్వాయరు, ఒళ్లంతా కోట్లు తొడుక్కున్న మనుషులు, చలికాలంలో బాస్ అనే చేపను పడుతున్నారు. "గాలం అడుగు దాకా దించాలి తాతా, చలికి చేపలన్నీ కిందే ఉంటాయి" అన్నాడు. వాళ్ల చెరువులో అది నిజమే. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. అక్కడ చలికి పైన మంచు గడ్డకడుతుంది, 4 డిగ్రీల నీళ్లు అడుగున చేరతాయి, పైకంటే కిందే కాస్త వెచ్చన. చేప అక్కడికి పోతుంది. మన భివండీలో పైనీళ్లు ఏ రాత్రీ ఆ దరిదాపులకు పోవు. వాళ్ల లెక్క మన చెరువుకు పెడితే గాలం బురదలో దిగుతుంది, అంతే.

అసలు ఆ బాస్ మన చెరువుల్లో లేదు. పేరులో దానికి దగ్గరిది మనకు సముద్రపు పొత్తున్న చేప, తెలుగులో పండుగప్ప, తమిళంలో కొడువా, మరాఠీలో జితాడా. రాయగడ్ వైపు ఖాడీలోంచి జితాడా పిల్లల్ని పట్టి ఇంటి పక్క కుంటల్లో పెంచే అలవాటు పాతది. ఆ చేప ఉప్పునీళ్లలో గుడ్లు పెడుతుంది, ఉప్పునీళ్లలోనూ మంచినీళ్లలోనూ బతుకుతుంది. చెరువు చేప అంటే మనకు కొర్రమీను, బొచ్చె, మోసు, ఇంకా జిలేబి. కొర్రమీనును తమిళంలో విరాల్ అంటారు, మరాఠీలో మరళ్. మూడు భాషల్లోనూ దాని ధర మాత్రం ఒకే రకంగా మండుతుంది. జిలేబి అంటే తిలాపియా. 1952లో ఆఫ్రికా జాతి చేపను సిలోన్ నుంచి, బ్యాంకాక్ నుంచి మన దేశానికి తెచ్చారు. తమిళనాడులో దానికి జిలేబి అని ముద్దు పేరు పడింది. పేరంత తియ్యగా ఉండదు. ఏ చెరువులో వదిలితే ఆ చెరువంతా తనదే అంటుంది.

ఇక చలికాలం సంగతి. చేప ఒంటికి సొంత వేడి లేదు, నీళ్లు ఎంత చల్లనైతే అదీ అంత చల్లన. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, మేత తగ్గుతుంది. జిలేబికి చలి అసలు పడదు. బొచ్చె పిండిముద్ద చుట్టూ తిరుగుతుంది కానీ నోరు పెట్టదు. అందుకే మార్గశిరం, పుష్యం నెలల్లో పొద్దున్నే గాలం వేసినవాడు టీ తాగి ఇంటికి పోవాల్సిందే. ఎండ ఎక్కాక, గట్టు దగ్గర లోతు తక్కువ చోట నీళ్లు కాస్త వేడెక్కాక ఏదైనా కదిలితే కదిలినట్టు.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. మా నాన్న చేమగ్గం నేసేవాడు. నూలు కోసం మేట్టూరు వైపు పోయినప్పుడు నన్ను డ్యాము చూపించడానికి తీసుకుపోయేవాడు. స్టాన్లీ రిజర్వాయరు అంటారు దాన్ని, మద్రాసు గవర్నరు పేరు మీద. 1925లో పని మొదలై 1934లో పూర్తయింది. నిండితే 120 అడుగులు, 93 టీఎంసీల పైన. తంజావూరు వరికి జూన్ 12న తలుపులు ఎత్తడం, జనవరి 28న దించడం ఆనవాయితీ. అంటే చలికాలం వచ్చేసరికి డ్యాము కిందకి దిగుతూ ఉంటుంది. నీళ్లు బాగా తగ్గిన ఏడు మునిగిపోయిన పాత ఊళ్ల గుడి నంది, చర్చి గోపురం పైకి తేలతాయి, జనం బస్సులు కట్టుకుని చూడ్డానికి వస్తారు. మేం పోయిన ఒక జనవరిలో పుట్టిలో తిరిగొచ్చిన జాలరి వల విదిలించి, "అడుగు నీళ్లు పైకొచ్చాయి సామీ, ఈ వారం ఇంతే" అన్నాడు. నాన్నకు అర్థమైంది, నాకు కాలేదు.

అర్థమవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఎండాకాలంలో పైనీళ్లు వేడిగా తేలికగా ఉంటాయి, కిందినీళ్లు చల్లగా బరువుగా ఉంటాయి, రెండూ కలవవు. చెరువు అడుగున పడిన ఆకు, పేడ, పూలు, సాగు నేల నుంచి కొట్టుకొచ్చిన ఎరువు అక్కడే కుళ్లుతూ ఉంటాయి. కుళ్లడానికి ప్రాణవాయువు కావాలి, అడుగున ఉన్నదంతా అయిపోతుంది, కోడిగుడ్డు చెడిన వాసన గాలి తయారవుతుంది. చలి రాత్రి పైనీళ్లు చల్లబడి కిందకి దిగుతాయి. అప్పుడు అడుగున దాగినదంతా పైకి వస్తుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకి పెట్టి గాలి కోసం తెరుస్తాయే, అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. కొర్రమీను ఒక్కటే కాస్త ధీమాగా ఉంటుంది, దానికి పైగాలి పీల్చే ఏర్పాటు ఉంది. ఆ గాలి కోసం పైకి వచ్చినప్పుడే మనవాడి ఈటెకు దొరుకుతుంది, పాపం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ముంబయి నీళ్ల చరిత్ర మనలో చాలామందికి పైపు లైను దాకానే తెలుసు. అంతకు ముందు ఆ ఊరు బావుల మీద, తలావుల మీద బతికింది. 1860లో విహార్ చెరువు వచ్చింది, హెన్రీ కాన్నీబేర్ అనే ఇంజినీరు వేసిన పథకం, ముంబయికి పైపులో వచ్చిన మొదటి నీళ్లు అవి. తర్వాత 1879లో తులసి. కుళాయి వచ్చాక ఊళ్లో తలావులు ఎవరికీ అక్కరలేకుండా పోయాయి, చెత్త చేరింది, దోమలు చేరాయి, ఒక్కొక్కటే పూడ్చేశారు. సీఎస్‌టీలో దిగి ధోబీ తలావ్ ఎటని అడగండి, చెయ్యి చూపిస్తారు. తలావ్ మాత్రం కనపడదు, పేరే మిగిలింది.

పొవై కథ ఇంకా చిత్రం. నీళ్ల కరువు భయంతో విహార్ దిగువన హడావిడిగా 1891లో కట్టారు. మరుసటి ఏడు 1892లోనే తాన్సా వచ్చేసింది, మన పక్కనే, శహాపూర్ తాలూకాలో. పొవై నీళ్లు తాగడానికి బాగాలేవని త్వరలోనే పక్కన పెట్టారు. తాగే చెరువుగా కట్టింది కొన్నేళ్లకే తాగని చెరువైంది. తర్వాత అక్కడ దొరలు గాలాలు వేశారు. చేపపిల్లల్ని వదలడం, గాలం సభ్యత్వాలు, పోటీలు అన్నీ పొవైలో పెరిగాయి, మహారాష్ట్ర స్టేట్ యాంగ్లింగ్ అసోసియేషన్ అక్కడిదే. గాలం సరదా మీద నాకు కోపం లేదు. చరిత్రలో క్రమం మాత్రం చూడండి: ముందు తాగడం మానేశారు, తర్వాత గాలం వేశారు. మన కుర్రాళ్లు గాలం ముందు తెస్తున్నారు.

చేపపిల్లలంటే నా డిపార్టుమెంటు గుర్తుకొస్తుంది. బొచ్చె, శీలావతి చెరువులో గుడ్లు పెట్టవు, వాటికి వరదలో పారే నది కావాలి. గోదావరి బొచ్చెను కావేరికి చేర్చింది కూడా పాత మద్రాసు మత్స్యశాఖ వాళ్లే. చెరువుల్లో పెంచడానికి పిల్లలు కావాలంటే బెంగాల్ నదుల్లో పట్టి, హౌరా నుంచి రైల్లో పంపేవాళ్లు. ఎలా? మట్టి హండీల్లో. పెట్టెలో ఒక మనిషి కూర్చుని దారి పొడవునా చేత్తో నీళ్లు తడుతూ ఉండాలి, నీళ్లలో గాలి కలవాలి కదా. పెద్ద స్టేషన్లలో నీళ్లు మార్చాలి. బండి ఆలస్యమైతే హండీలో సగం తెల్లగా తేలేవి. నేను చేరినప్పుడు ఇవన్నీ మా సీనియర్లు చెప్పిన కథలే. నా కాలానికి ప్లాస్టిక్ సంచిలో ఆక్సిజన్ నింపి డబ్బాలో పెట్టి బుక్ చేసేవాళ్లు. ఈ మార్పుకు మూలం 1957 జులై 10, ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆలికుణ్హి అనే శాస్త్రవేత్తలు సూది మందుతో ఈ చేపల చేత గుడ్లు పెట్టించిన రోజు. ఇవాళ ఏ చెరువులో బొచ్చె పడినా ఆ సూది వంశమే అనుకోవచ్చు. అంటే చెరువులో చేప ఉందంటే ఎవరో డబ్బు పెట్టి వదిలారని. ఎవరు వదిలారో, ఎవరి హక్కో కనుక్కోకుండా పోటీ పెడితే రేపు తగవు మన గుమ్మానికి వస్తుంది.

చలికాలంతో ఇంకో జ్ఞాపకం ఉంది. 1988లో అస్సాం, త్రిపుర వైపు చేపలకు ఎర్రపుండ్ల జబ్బు మొదలైంది. 1990ల తొలి ఏళ్లకు ఆంధ్రాలో చెరువులకూ పాకింది. ఒక రకం బూజు దానికి మూలం. వానలు వెనక్కి పోయి నీళ్లు చల్లబడే నెలల్లోనే అది విజృంభిస్తుంది, మొదట పట్టేది కొర్రమీనునే. ఆ రోజుల్లో కల్యాణ్ మార్కెట్లో చేప బుట్టల ముందు జనం ముక్కు మూసుకుని నడిచారు. అది మనుషులకు అంటే జబ్బు కాదు, కానీ పుండు చూసి కొనేదెవరు? తర్వాత సున్నం చల్లడం, భువనేశ్వర్ వాళ్ల సిఫాక్స్ మందు వచ్చి కొంత అదుపైంది. చలి నెలల్లో ఒంట్లో బలం తగ్గిన చేపను గాలంతో గాయపరిచి ఫోటో తీసి మళ్లీ నీళ్లలో వేస్తామంటున్నారు పోటీవాళ్లు. ఆ గాయమే బూజుకు వాకిలి. పట్టినవాడు తినాలి, లేకపోతే పట్టకూడదు. ఇది నా పాతకాలపు అభిప్రాయం, ఒప్పుకోకపోయినా పర్లేదు.

వరాల చెరువు సంగతి మీకు నేను చెప్పాలా? కామత్‌ఘర్‌లో, పద్మానగర్‌లో మగ్గం చప్పుడు మధ్య పెరిగిన ప్రతి బిడ్డా వరాలదేవి గుడికి పోయి ఆ గట్టున కూర్చున్నదే. మన పెద్దలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి వచ్చారు. పాకాల, రామప్ప, లక్నవరం ఉన్న దేశం అది. మత్తడి దుంకిందంటే ఊరంతా పరుగెత్తే జనం. మా తమిళనాట దాన్నే కలింగు అంటారు, పరుగు మాత్రం ఒకటే. అలాంటి వాళ్లకు ఈ రాతి పట్నంలో చెరువు పక్కన ఇల్లు దొరకడం చిన్న సంగతి కాదు. ఈ ఊరికి నీళ్లు ముంబయి పైపుల నుంచి, స్టెమ్ నుంచి వస్తాయి, కొంత వరాల చెరువు నుంచీ వస్తుంది. కొంతే కావచ్చు. ఆ కొంత మన బిందెల్లోదే.

వానలు పోయాక వినాయకుణ్ణీ, తర్వాత అమ్మవార్లనూ, బతుకమ్మలనూ నీళ్లలో కలుపుతాం. తంగేడు, గునుగు పూలు చెరువులో పుట్టినట్టే చెరువులో కలుస్తాయి, వాటి గురించి నేను మాట్లాడను. ప్లాస్టర్ విగ్రహం, రంగు, థర్మకోల్ కలవవు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లోనే నిమజ్జనానికి నిబంధనలు పెట్టింది, 2020లో వాటిని ఇంకా గట్టిచేసి ప్లాస్టర్ వద్దంది. మేం సెప్టెంబరులో వేసింది అడుగున ఉండి డిసెంబరు చలిలో పైకి వస్తుంది. పోటీ పెట్టే నెలా అదే.

కాబట్టి నా మాట ఇది. పోటీ ఈ జనవరిలో వద్దు. ఫాల్గుణం దాటి నీళ్లు వేడెక్కాక, చేపల హక్కు ఎవరిదో కార్పొరేషన్‌లో కాగితం చూశాక మాట్లాడుకుందాం. వానలు మొదలయ్యాక మాత్రం అసలే వద్దు. ఈ చలికాలం వేరే పని చేద్దాం. 1865లో సెక్కీ అనే ఇటలీ పాదిరీ తెల్లటి పళ్లాన్ని తాడు కట్టి సముద్రంలో దించి, ఎంత లోతుకు కనపడకుండా పోతుందో రాసుకున్నాడు. నీళ్ల తేట కొలవడానికి ఇప్పటికీ ప్రపంచమంతా అదే పద్ధతి. మా ఇంట్లో పాత తెల్ల ఎనామిల్ పళ్లెం ఒకటి ఉంది, అంచుకు మూడు రంధ్రాలు పొడిచాను, మగ్గం తాడు కట్టాను, జానకొక ముడి వేశాను. తాడు పొడుగు చాలకపోతే మీ ఎవరి ఖార్ఖానాలోనైనా దొరుకుతుంది.

రిజిస్టరు కూడా గీశాను: తేదీ, వేళ, పళ్లెం మాయమైన ముడి, నీళ్ల రంగు, వాసన, నోరు తెరిచిన చేపలు కనిపించాయా లేదా, రాసినవారి పేరు. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు గుడి వైపు మెట్ల దగ్గర ఉంటాను. ప్రతిపాదన తెచ్చిన కుర్రాడు పుస్తకం పట్టుకుంటానని ఒప్పుకున్నాడు. స్వెట్టర్ వేసుకుని రండి, టీ మా ఇంట్లో.