నానీ మెహర్ సిక్కానా, కల్దారా?

మా నానీ నికాహ్ మజ్లిస్‌లో పెద్ద గొడవైందట. ఖాజీ సాబ్ 'మెహర్ ఐదు వందల రూపాయలు' అనగానే ఆడపెళ్ళివాళ్ళ వైపు నుంచి ఒక పెద్దాయన లేచి, "ఏ ఐదు వందలు సాబ్? సిక్కానా, కల్దారా?" అని అడిగాడట.

సవాల్ సబబైనదే. నానీది అలంపూర్, నానాది కర్నూలు. నడుమ తుంగభద్ర. అది 1945 ప్రాంతం. అటు ఒడ్డు నిజాం రియాసత్, ఇటు ఒడ్డు అంగ్రేజుల మద్రాసు ప్రెసిడెన్సీ. అక్కడ చెల్లేది హాలీ సిక్కా, ఇక్కడ చెల్లేది కల్దార్. కల్దార్‌కు విలువ కొంచెం ఎక్కువ. ఐదు వందల మీద ఆ తేడా అంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఎట్లా తెగిందో నానీ ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఆమెకు గుర్తున్నదల్లా పుట్టి. రుఖ్సతీ రోజున పుట్టి గిరగిరా తిరుగుతుంటే కళ్ళు తిరిగి, బుర్ఖాలోనే వాంతి చేసుకుందట. అత్తగారింట్లో ఆమెకు పడిన పేరు 'పార్ వాలీ దుల్హన్'. నలుగురు మనవళ్ళు పుట్టాక కూడా ఆ పేరే.

కర్నూలు అనగానే మనవాళ్ళకు కొండారెడ్డి బురుజు గుర్తొస్తుంది. 2003లో 'ఒక్కడు' సినిమా వచ్చాక బయటి ఊళ్ళవాళ్ళకు కూడా అదే గుర్తు. కానీ ఈ షహర్ అసలు హాల్ తెలియాలంటే బురుజు దగ్గర కాదు, నది దగ్గర నిలబడాలి. పాత పేరు కందనవోలు. అలంపూర్ గుడులకు రాళ్ళు మోసుకెళ్ళే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని, అందుకే ఆ పేరని ఒక రివాయత్. నిజమో కాదో ఆ అల్లాహ్‌కే తెలుసు. నాకైతే ఇష్టమైన రివాయత్. ఊరి పేరే పార్ వెళ్ళే బండి ఇరుసు నుంచి వచ్చిందన్నమాట.

కోట విజయనగర రాజు అచ్యుతరాయల కాలం నాటిది. తర్వాత బీజాపూర్ ఆదిల్‌షాహీల చేతికొచ్చింది. వాళ్ళ తరఫున 17వ శతాబ్దంలో ఇక్కడ హుకూమత్ చేసిన అబ్దుల్ వహాబ్ ఖాన్ హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్నవాడు. ఆయన మఖ్బరా హింద్రీ ఒడ్డున ఉంది. ఊళ్ళో గోల్ గుంబజ్ అంటారు. బురుజు దగ్గర సెల్ఫీలు దిగే పిల్లలను అడిగి చూడండి, పదిమందిలో ఇద్దరికి ఆయన పేరు తెలిస్తే గొప్ప.

ఆదిల్‌షాహీల తర్వాత మొఘలులు, వాళ్ళ జాగీర్దార్లుగా పన్నీ పఠాన్లు. 1702లో మద్రాసు కోటను ముట్టడించిన దావూద్ ఖాన్ పన్నీ ఆ ఖాందాన్ వాడే. వాళ్ళే కర్నూలు నవాబులు. 1751లో రాయచోటి దగ్గర నిజాం గద్దె మీదున్న ముజఫ్ఫర్ జంగ్ చనిపోయిందీ, కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ చనిపోయిందీ ఒకే లడాయిలో. 1800లో నిజాం దత్త మండలాలను కుంఫిణీకి రాసిచ్చినప్పుడు కర్నూలు నవాబును తీసెయ్యలేదు. లక్ష రూపాయల పేష్కష్ కట్టించుకుని ఉంచారు. చుట్టూ కుంఫిణీ, నది అవతల నిజాం, నడుమ ఈ చిన్న నవాబీ.

అది 1839లో ఖతమ్ అయింది. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్. ఆ ఏడు హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను వహాబీ సాజిష్ పేరుతో పట్టుకున్నారు. ఆయన గోల్కొండలో ఖైదీగా ఉండి, 1854లో అక్కడే చనిపోయాడు. ఆ తఫ్తీష్ నది దాటి కర్నూలుకు వచ్చింది. కోటలో వెతికితే దాచిపెట్టిన తోపులు, మందుగుండు గుట్టలుగా దొరికాయి. ఇంత హథియార్ ఎవరి మీదికి, ఎందుకు పోగేశాడన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. నవాబు కోటలో కూర్చుని లడాయి చెయ్యలేదు. బయటికి వచ్చి జొహరాపురంలో దిగాడు. వెంట ఉన్న అరబ్బులు, రొహిల్లాలు తమ బకాయి తన్ఖా సంగతి తేలేదాకా ఆయన్ను కదలనివ్వలేదు. అక్టోబరు 18న కుంఫిణీ ఫౌజ్ వచ్చి పడింది. జొహరాపురం ఇప్పుడు కర్నూలులో ఒక మొహల్లా. నేను చిన్నప్పుడు అక్కడ గాలిపటాలు ఎగరేశాను, ఒక్కరంటే ఒక్కరు ఈ సంగతి చెప్పలేదు. నవాబును తిరుచిరాపల్లికి తీసుకుపోయి ఖైదు చేశారు. మరుసటి ఏడే అక్కడ పాత నౌకరొకడు పొడిచి చంపాడు. ఖాందాన్‌కు పెన్షన్లు రాశారు. కోటను 1865లో చాలామటుకు కూల్చేశారు.

ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ నవాబు పేరు చెప్పేటప్పుడు ముందు 'షహీద్' అని చేర్చేవారు. తెలుగు డిగ్రీకి వచ్చాక నోట్సులో ఒక్క లైను, అదీ 'వహాబీ కుట్ర' అని. నాకు రెండూ పూర్తిగా హజమ్ కాలేదు. ఏడేళ్ళ తర్వాత ఇదే ఇలాకాలో లేచిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి జనం పాటలు కట్టుకున్నారు, ఈమధ్య సినిమా కూడా తీశారు. నవాబు మీద మన ఇళ్ళల్లో ఒక్క పాట కూడా వినలేదు నేను.

1947లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ఊళ్ళో డాక్టర్ అబ్దుల్ హఖ్ కాలేజీ పెట్టారు. (బాబాయె ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ వేరు, చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు.) పేరు ఉస్మానియా కాలేజీ. అంటే నది అవతలి నిజాం పేరు. సరహద్దు అటుంచి, తాలీమ్ ఇటు దాటిందన్నమాట. ఇప్పుడు కర్నూలులో ఆయన పేరు మీద ఉర్దూ యూనివర్సిటీ కూడా ఉంది.

ఏడాది తిరిగేసరికి నిజాం హుకూమత్ పోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. దఫ్తర్లు డేరాల్లో నడిచాయి. నానా డేరాలను గురించి చెబుతూ తెగ నవ్వేవారు, గాలివాన వస్తే ఫైళ్ళు ఎగిరి హింద్రీలో పడ్డాయనేవారు. మూడేళ్ళకు, 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రం. రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది, కానీ అలంపూర్ ఇక 'పార్' కాదు. నానీ ప్రతి ఏడూ అక్కడ షా అలీ పహిల్వాన్ దర్గా ఉర్సుకు వెళ్ళేది. దర్గా పక్కనే నవబ్రహ్మ గుడులు, బాదామి చాళుక్యుల కాలం నాటివి. ఆ గుడుల నీడలో కూర్చుని తెచ్చిన మలీదా తినేవాళ్ళం.

2014 జూన్ 2న నది మళ్ళీ సరహద్దు అయింది. పెద్ద తేడా ఏమీ లేదనుకున్నాం. అలంపూర్, గద్వాల వాళ్ళు దవాఖానాకు కర్నూలుకే వస్తున్నారు. మనం రిష్తాలు అటే చూస్తున్నాం. తేడా 2021 మేలో తెలిసింది. కరోనా రెండో దఫా. హైదరాబాదుకు వెళ్ళే అంబులెన్సులను పుల్లూరు టోల్ దగ్గర ఆపారు. ఆసుపత్రిలో బెడ్ ఖరారైనట్టు కాగజ్ కావాలన్నారు. నేను రిపోర్టింగ్‌కు వెళ్ళాను. ఎండ. వరుసగా అంబులెన్సులు. ఒక దాంట్లో ముసలాయన ఆక్సిజన్ మాస్కుతో పడుకుని ఉన్నాడు. కొడుకు ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. సిలిండర్‌లో ఇంకెంత ఉందని డ్రైవర్ మాటిమాటికీ లోపలికి వంగి చూస్తున్నాడు. తెలంగాణ హైకోర్టు కలగజేసుకున్నాక దారి తెరిచారు. ఆ ముసలాయన హైదరాబాదు చేరాడో లేదో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. నానీ పుట్టి దాటిన రోజుల్లో కరోడ్‌గిరి నాకాలో మూటలు విప్పి చూసేవారట. ఊపిరి ఆపిన సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు.

నానీ నికాహ్‌నామా మా అమ్మీ ట్రంకులో ఉండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హింద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. మా మొహల్లాలో నీళ్ళు మిద్దె దాకా వచ్చాయి. నీళ్ళు తీశాక ట్రంకు తెరిస్తే ఇంటి దస్తావేజులన్నీ ఒక ముద్ద. నికాహ్‌నామా ఒక్కటి మెల్లగా విడదీసి ఇస్త్రీ చేశాం. గవాహుల దస్తఖత్ పోయింది. ఖాజీ సాబ్ మొహర్ నీలం మరక అయింది. పోయిన ఈద్‌కు మామూ అలంపూర్ నుంచి వచ్చినప్పుడు మళ్ళీ తీసి చూశాం. మెహర్ దగ్గర 'పాంచ్ సౌ' స్పష్టంగా ఉంది. దాని పక్కనున్న మాట నీళ్ళలో కరిగిపోయింది. కల్దారే అని అమ్మీ, సిక్కానే అని మామూ. సేవయ్యాలు చల్లారిపోతున్నా ఇద్దరూ తగ్గలేదు.